మొక్కు గోడ మీద ఖాళీ మేకు

సాయంత్రం నాలుగూ నలభై. నజ్జరేనా అత్త గంటసేపటి నుంచి ఒక్కటే మాట చెబుతోంది.

"పన్నెండున్నరకి తాళం వేశాను. మూడున్నరకి తీశాను. నడుమ ఎక్కడున్నానో చెప్పను."

చర్చి వెనక గదిలో బల్లకు అటువైపు ఆవిడ, ఇటువైపు నేను. కిటికీ దగ్గర ఇన్సూరెన్స్ కంపెనీ పరిశోధకుడు లాంబెర్తో కియోల్లి నిలబడి ఉన్నాడు. చొక్కా నలగనివ్వడు, గొంతు పెంచడు. ఏటా చేసే తనిఖీకని ఆ ఉదయమే మా ఊరు వచ్చాడు. మధ్యాహ్నానికి దొంగతనం జరిగింది, సాయంత్రానికి దొంగను కూడా తేల్చేశాడు. ఇంత చురుకైన మనిషిని మా పియేవెలుంగా ఊరు ఎన్నడూ చూడలేదు.

నా పేరు ఎర్సీలియా బ్రాందోని. ఊళ్లో పోలీసు ఠాణా అంటే నేనూ, ఈల వేసినట్టు ఊపిరి తీసే హెడ్ కానిస్టేబుల్ తార్చీజియో, పాత జీపూ. నన్నందరూ హోదాతోనే పిలుస్తారు, మారెషల్లో అని. నజ్జరేనా అత్త ఒక్కతే పేరు పెట్టి పిలుస్తుంది, అదీ సగం మింగేసి.

పోయింది బంగారం కాదు, అరచేయంత చెక్క పలక. మా చర్చిలో కుడివైపు గోడ నిండా మొక్కు పలకలే. రోగం నయమైనవాళ్లూ, బండి కింద పడి బతికినవాళ్లూ, పురిటి గండం గట్టెక్కినవాళ్లూ జరిగిందంతా చిన్న బొమ్మగా వేయించి, మేరీమాతకు దండం పెట్టి మేకుకు తగిలించి వెళతారు. మూడు వందల ఏళ్లుగా తగిలిస్తూనే ఉన్నారు. పొద్దున రెండు వందల పన్నెండు ఉండేవి. ఇప్పుడు రెండు వందల పదకొండు.

వేదిక పైన అద్దం వెనక ఉన్న పెద్ద బొమ్మను దొంగ ముట్టుకోలేదు. ఐదు వందల ఏళ్ల నాటి మేరీమాత అది, బారెడు ఎత్తు చెక్క మీద, పేరు తెలియని మహానుభావుడెవరో వేసింది. ఇన్సూరెన్స్ దాని మీదే. పలకలను సంతలో పెడితే ఒకపూట భోజనం ఖర్చు కూడా రాదు. మరి అద్దం వెనక ఉన్న నిధిని వదిలేసి ఈ పలకనెందుకు పట్టుకుపోయినట్టు?

పలక పోవడానికి ఇంతకన్నా చెడ్డ రోజు కూడా లేదు. కళ కోసం చూడదగ్గ చిన్న ఊరు ఏటా ఒక్కటంటే ఒక్కటి ఎంచి చెప్పే పుస్తకం ఒకటుంది. ఈసారి వడపోతలో ఇటలీ మొత్తానికి రెండు ఊళ్లు మిగిలాయి. ఒకటి మాది. రెండోది కొండకు అవతలి కాస్తెల్‌గ్వార్దో. అక్కడ గోడ పొడుగునా పెద్ద పెద్ద చిత్రాలు, వాటికి తగ్గట్టు పెద్ద పెద్ద గొప్పలు. ఎంచడానికి జ్యూరిచ్ నుంచి రెగులా ఆమ్మన్ అనే ఆవిడ వచ్చి రెండు రోజులుగా మా సత్రంలో ఉంది. ఆవిడెవరో ఎవరికీ తెలియకూడదని నియమం. కాబట్టి ఊరందరికీ తెలుసు. పద్నాలుగు మంది పిల్లలతో నడిచే మా బడిని వచ్చే ఏడు మూసేస్తారని కబురు వచ్చి నెల అయింది. ఆ పుస్తకంలో పేరు పడితే నలుగురు వస్తారు, నాలుగు ఇళ్లు తెరుచుకుంటాయి, బడి నిలుస్తుందని మా ఆశ.

"ఆరున్నరకి నా రిపోర్టు వెళ్లిపోతుంది మారెషల్లో గారూ," అన్నాడు కియోల్లి. "చర్చి తాళంచెవులు మూడు. ఫాదర్ గారిది ఆయనతోపాటే ఆసుపత్రిలో ఉంది. మునిసిపాలిటీది తనిఖీ కోసం నేను తీసుకుని, పన్నెండూ నలభైకే వాళ్ల తలుపుకున్న ఉత్తరాల పెట్టెలో వేసేశాను. మూడోది ఈవిడ నడుముకే వేలాడుతోంది. ఇంకేం కావాలి మీకు?"

"ఆవిడకి పలక ఎందుకు?"

"అది ఆవిణ్ణే అడగండి. చెప్పట్లేదుగా."

నిజమే, చెప్పట్లేదు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. యాభై ఒక్క ఏళ్లుగా ఈ చర్చి తాళం తీసేదీ వేసేదీ, ఊడ్చేదీ, పూలు మార్చేదీ ఆవిడే. రిపోర్టు వెళితే మేజిస్ట్రేటు ముందు నిలబడాలి, బిషప్పు గారు తాళం తీసేసుకుంటారు. తాళం పోతే ఆవిడ ఎక్కువ రోజులు బతకదని నాకు తెలుసు. ఆవిడకూ తెలుసు. అయినా పెదవి విప్పదు.

నేను లేచి గోడ దగ్గరికి నడిచాను.

ఖాళీ మేకు మూడో వరసలో, కిటికీ పక్కన ఉంది. పలక ఉన్న చోట గోడ తెల్లగా నలుచదరంగా మిగిలింది. అక్కడ ఉండాల్సింది 1944 నాటి పలక. యుద్ధంలో బాంబులు పడుతున్నప్పుడు నలుగురు మగవాళ్లు పెద్ద మేరీమాతను మోసుకెళ్లి ద్రాక్ష తొట్టిలో దాచి కాపాడారు. తమ ప్రాణాలూ దక్కినందుకు ఆ నలుగురూ కలిసి వేయించిన మొక్కు అది. ఇంతకు మించి నాకేమీ గుర్తు రాలేదు. రోజూ చూసేదాన్ని మనిషి చూడడు కదా.

మేకు కింద నేల మీద, ఎర్ర గాజు గ్లాసులో కొవ్వొత్తి ఉంది. కేసు మొత్తంలో నాకు మింగుడు పడనిది ఆ కొవ్వొత్తే. మధ్యాహ్నం తాళం వేసేముందు నజ్జరేనా అత్త కొవ్వొత్తులన్నీ ఆర్పేస్తుంది. ఒకటి వదిలేసిందంటే నేను నమ్మను, ఊళ్లో ఎవరూ నమ్మరు. మూడున్నరకు తలుపు తీసేసరికి ఖాళీ మేకు కింద ఇది వెలుగుతోందట. ఆర్పి, ఉన్నచోటే ఉంచి, నాకు కబురు పెట్టింది. వేలెడు మేర కరిగి ఉంది.

"మూడున్నరకి ఆవిడే వెలిగించి ఉంటుంది," అన్నాడు వెనకే వచ్చిన కియోల్లి.

"అప్పుడు వేలెడు కరగదు."

"కరగడానికి ఎంతసేపు పడుతుందో మీకెలా తెలుసు?"

"తెలీదు. అందుకే చూద్దాం."

అదే డబ్బాలోంచి కొత్తది తీసి, అలాంటి గ్లాసులోనే పెట్టి, అదే చోట వెలిగించాను. నాలుగూ నలభై ఎనిమిది. తార్చీజియోను కుర్చీ వేసుకుని కూర్చోమన్నాను. నా కొవ్వొత్తి మీద తనకు నమ్మకం లేదనీ, తానూ కాపలా ఉంటాననీ కియోల్లి అన్నాడు. అంతకన్నా ఏం కావాలి, ఉండమన్నాను.

అప్పుడు ఆయన గోడ మీద ఇంకో పలకను వేలితో చూపించాడు. అడుగు వరసలో, తలుపు పక్కన ఉంటుంది అది.

"ఇది మీదే కదూ? పొద్దున చదివాను. బ్రాందోని అని రాసుంది. బావిలో పిల్ల, పైన తాడు పట్టుకుని నీలం ఆప్రాన్ కట్టుకున్న మనిషి. ఎవరా మనిషి, మారెషల్లో గారూ?"

"నజ్జరేనా అత్త."

"మరి ఈ కేసు మీరు చూడొచ్చా?"

చూడకూడదని ఆయన ఉద్దేశం. ఆయన చోట నేనున్నా అదే అడిగేదాన్ని. నాలుగేళ్లప్పుడు బావిలో పడ్డాను. మా అమ్మ పొలంలో ఉంది. చేద వేసి, అందులో కూర్చోమని గంటసేపు నాతో మాట్లాడి, ఒక్కతే లాగింది ఈవిడ. నేను పోలీసునైనా, పెళ్లాడినా, ఇద్దరు పిల్లల్ని కన్నా ఆ తాడు పుణ్యమే. ఈ గోడ ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ ఆ నీలం ఆప్రాన్‌కు మనసులో దండం పెట్టుకుంటాను. అందులో దాచడానికి ఏముంది?

"చూడొచ్చో లేదో నాకు తెలీదండీ," అన్నాను. "ఆవిడ దొంగయితే బేడీలు నేనే వేస్తాను. కానీ ముందు తేలాలిగా."

"మీ కృతజ్ఞత సాక్ష్యం కాదు."

"మీ అనుమానం కూడా కాదు."

తార్చీజియో దగ్గి మమ్మల్ని విడదీశాడు.

నజ్జరేనా అత్త ఇల్లు చర్చికి ఎదురుగానే. తలుపు ఎప్పుడూ వేయదు. వంటింట్లో అడుగు పెట్టగానే కుందేలు కూర వాసన కొట్టింది. బుధవారం పూట, ఒంటరి ముసలావిడ కుందేలు వండుకోవడమేమిటి? కడగాల్సిన గిన్నెల్లో రెండు కంచాలున్నాయి. ఒకదాన్ని రొట్టె ముక్కతో అద్దంలా తుడిచేసి తిన్నారు. అది అత్తది, సందేహం లేదు. రెండోదాని అంచున నాలుగైదు నూడుల్స్ మిగిలాయి. అత్త చేత్తో పిసికి కోసే తాల్యతెల్లె, ఒక్కోటి జానెడు పొడుగుంటుంది. ఇవి మాత్రం అంగుళం అంగుళం ముక్కలు. కంచంలో వేశాక చాకుతో కోశారు.

నాకు నవ్వొచ్చింది. మా ఊళ్లో హత్య చేసినవాడైనా తాల్యతెల్లెను చాకుతో కోయడు. చంటిపిల్లలకు కూడా ఫోర్కుకు చుట్టడమే నేర్పుతాం. ఈ కంచంలో తిన్నది పరాయి దేశం మనిషి. ఊళ్లో పరాయి దేశం మనిషి ఒక్కతే ఉంది.

అది తట్టగానే నవ్వు ఆగిపోయింది. అత్త నోరెందుకు విప్పదో అర్థమైంది.

సత్రంలో రెగులా ఆమ్మన్ కిటికీ పక్కన కూర్చుని ఏదో రాసుకుంటోంది. అరవై దాటిన సన్నటి మనిషి. మా భాష పుస్తకాల్లో నేర్చుకున్నట్టుంది, ఒక్క మాటా తప్పు పోదు, ఒక్క మాటా నవ్వదు. పలక పోయిందని ఆవిడకు అప్పటికే తెలిసింది. ఎవరి మీద నేరం మోపారో మాత్రం తెలియదు. నేను కూర్చుని చెప్పాను. పెన్ను మూసి బల్ల మీద పెట్టింది.

మధ్యాహ్నం ఎక్కడ భోంచేశారని అడిగాను. చూపు కిటికీ బయటికి తిప్పింది. నూడుల్స్ చాకుతో కోసే అలవాటుందా అని అడిగాను. ఈసారి ముఖం ఎర్రబడింది.

"మా నియమం మీకు తెలియునా?" అంది. "నేను ఎంపిక చేయు ఊరిలో ఎవరి ఆతిథ్యమూ స్వీకరించరాదు. కాఫీ సైతం. స్వీకరించితినా, ఆ ఊరు ఆ సంవత్సరం జాబితా నుంచి తొలగును."

"ఆవిడకి ఆ సంగతి చెప్పారా?"

"భోజనము పూర్తి అయిన పిదప చెప్పితిని. ముందు చెప్పవలసింది. పన్నెండున్నరకు ఆమె తలుపు మూయుచు, నీవు ఉదయము నుండి ఏమీ తినలేదు, రా అన్నది. ముప్పది ఏళ్లుగా ఊళ్లు తిరుగుచున్నాను. ఎవరూ నన్ను ఆ విధముగా పిలువలేదు. వెళ్లితిని. మూడూ ఇరవై వరకు ఆమె నా ఎదుటనే ఉన్నది. ఒక్క నిమిషము కూడా లేచి పోలేదు."

అదీ సంగతి. అత్త నిజం చెబితే అత్త బయటపడుతుంది, ఊరు జాబితాలోంచి పోతుంది. కాబట్టి దొంగ అనిపించుకోవడానికి సిద్ధపడింది. పద్నాలుగు మంది పిల్లల బడి కోసం.

రెగులా తన నోటుపుస్తకం నావైపు తిప్పింది. ఉదయం పదకొండూ యాభై అని టైము వేసి, కింద మా ఊరి పేరు రాసి, రెండుసార్లు గీత గీసింది. కాస్తెల్‌గ్వార్దోలో డబ్బున్నవాళ్లు తమ గొప్ప చూపించుకోవడానికి వేయించిన బొమ్మలున్నాయనీ, ఇక్కడ బతికి బయటపడ్డవాళ్లు థాంక్స్ చెప్పడానికి వేయించినవి ఉన్నాయనీ, తేల్చుకోవడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదనీ చెప్పింది. ముఖ్యంగా ఆ 1944 నాటి పలక ముందు చాలాసేపు నిలబడిందట.

ఫొటో తీశారా అని అడిగాను. కెమెరా తెరిచి చూపించింది.

అప్పుడు చూశాను ఆ పలకను, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. బొమ్మ వేసింది బండి చక్రాలకు రంగులు పూసే గయెతానో తాత. నలుగురి ముఖాలూ బంగాళాదుంపల్లా వేశాడు. కానీ వడ్రంగుల మధ్య పెరిగిన మనిషి, చెక్కను మాత్రం చెక్కలాగే వేశాడు. మోసేవాళ్లు మేరీమాత ముఖాన్ని తమవైపు తిప్పుకున్నారు, కాబట్టి చూసేవాళ్లకు కనిపించేది బొమ్మ వీపు. అడ్డంగా రెండు పట్టీలు, వాటి నడుమ పిచ్చుక తోక ఆకారంలో అతికిన తెల్ల చెక్క ముక్క. ఆ వీపును ఊళ్లో బతికున్నవాళ్లెవరూ చూడలేదు. బొమ్మ ఎప్పుడూ గోడకు ఆనుకునే ఉంటుంది.

"నాకు ఆ వెనుక భాగము చూడవలెనని అనిపించినది," అంది రెగులా. "అక్కడే ఉన్న ఇన్సూరెన్స్ ఆయనను అడిగితిని. ఈ పలకలో ఉన్నట్లే ఉన్నదా, చూపగలరా అని. వీలు కాదు అన్నాడు. ఏ పలక అని మాత్రము రెండుసార్లు అడిగాడు."

"ఎన్నింటికి?"

"పదకొండున్నర."

నా నోటుపుస్తకంలో ఆ టైము రాసుకున్నాను. బయటికొచ్చి రెండు ఫోన్లు చేశాను. మొదటిది మునిసిపాలిటీ గుమాస్తాకు. ఒంటిగంటకు ఆఫీసు మూసేముందు తలుపు పెట్టె రోజూ ఖాళీ చేస్తుంది ఆవిడ. ఇవాళ కూడా చేసింది. చర్చి తాళం అందులో లేదు. మూడింటికి తెరిచినప్పుడు ఉంది. రెండో ఫోను ఆసుపత్రిలో మోకాలు కట్టించుకుని పడుకున్న ఫాదర్‌కు. పెద్ద బొమ్మ దింపాలన్నాను. ఎందుకని అడగలేదు ఆయన. జాగ్రత్తగా దింపమన్నాడు, అంతే.

తిరిగి వచ్చేసరికి ఆరూ అయిదు. రెగులా నా వెంట వస్తానంది, వద్దనలేదు. గోడ కింద తార్చీజియో తలపైకెత్తి, కొవ్వొత్తి ఇప్పుడిప్పుడే వేలెడు కరిగిందన్నాడు. గంటా పదిహేడు నిమిషాలు. మూడున్నర నుంచి వెనక్కి లెక్కిస్తే రెండూ పదమూడు.

"అయితే ఆవిడ రెండూ పదికి వచ్చి వెలిగించింది," అన్నాడు కియోల్లి. కుర్చీలోంచి లేచి, రెండు వేళ్లు నాలుకకు తాకించి, వత్తిని చిటికెలో నలిపి ఆర్పాడు. "ఇంక ఈ ఆట చాలు."

నేను ఆయన వేళ్లకేసి చూస్తూ ఉండిపోయాను. మా లోయలో మేరీమాత ముందు వెలిగించిన దీపాన్ని నోటితో ఊదం. ఊదితే ఇచ్చిన వరం ఎగిరిపోతుందంటారు. తడి వేళ్లతో నలుపుతాం. బయటివాళ్లందరూ ఊదుతారు, పుట్టినరోజు కేకు మీద ఊదినట్టు. ఈయన పెద్ద నగరం మనిషినని పొద్దుట్నుంచీ అయిదుసార్లు చెప్పాడు.

లోపలి గదిలోంచి నజ్జరేనా అత్త వచ్చింది. రెగులాను నా పక్కన చూడగానే గుమ్మంలోనే ఆగిపోయింది.

రెగులా ఉన్నదున్నట్టు చెప్పింది. ఎన్నింటికి వెళ్లిందీ, ఏం తిన్నదీ, ఎన్నింటికి లేచిందీ. నిలబడే చెప్పింది, కియోల్లి ముఖంలోకి చూస్తూ చెప్పింది. తాను నియమం తప్పినట్టు రాత్రికి ప్రచురణకర్తకు రాస్తానని కూడా చెప్పింది.

అత్తకు కోపం ముంచుకొచ్చింది. "ఎవరు చెప్పమన్నారమ్మా నిన్ను? నేను మూడు గంటలు నోరు కట్టుకుని కూర్చున్నది ఇందుకా?" అంటూనే కుర్చీలో కూలబడింది. రెగులా వెళ్లి ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆ తాల్యతెల్లె ఊరికే తినలేదనీ, తనకూ మర్యాద తెలుసుననీ ఏదో అంది. అత్త ఆ చేతిని వదల్లేదు. ఇద్దరికీ చెప్పుకోవలసిన థాంక్స్ ఎంత ఉందో, నాకు మాటలు అంత చిన్నవిగా కనిపించాయి.

"తార్చీజియో, నిచ్చెన తీసుకురా," అన్నాను.

కియోల్లి అడ్డం వచ్చాడు. బొమ్మను కదిలిస్తే ఇన్సూరెన్స్ రద్దవుతుందన్నాడు. కానివ్వండన్నాను. అద్దం చట్రానికి ఆరు మరలు. మూడేళ్ల కిందట బొమ్మ నగరంలో ఎగ్జిబిషన్‌కు వెళ్లి తిరిగొచ్చినప్పుడు, దింపిందీ ఎక్కించిందీ, అద్దం ఉండాల్సిందేనని పట్టుబట్టి పెట్టించిందీ కియోల్లి కంపెనీయే. అంతకుముందు ఆడవాళ్లు ఆ తల్లి పాదం ముట్టుకునేవాళ్లు. తార్చీజియో ఊపిరి ఈల వేస్తుంటే, నేనూ అతనూ కలిసి దింపి, వెనక గదికి మోసుకొచ్చి, నెమ్మదిగా బల్ల మీద బోర్లించాం.

రెండు పట్టీలున్నాయి. వాటి మధ్య నున్నటి చెక్క. పిచ్చుక తోక లేదు. అతుకు లేదు, పురుగు తిన్న రంధ్రం ఒక్కటీ లేదు. ఐదు వందల ఏళ్ల చెక్కను పురుగు కూడా వదిలేసిందంటే, ఆ చెక్కకు అయిదేళ్లు కూడా నిండలేదన్నమాట.

నజ్జరేనా అత్త లేచి వచ్చి అరచేత్తో ఆ చెక్కను తడిమింది.

"మూడేళ్లుగా దీని ముందా నేను పూలు పెట్టింది," అంది. "పెట్టింది ఆ తల్లికే. ఎక్కడుందో పాపం," అని చెయ్యి తీసేసింది. రెగులా ఆవిణ్ణి మెల్లగా బయటికి తీసుకెళ్లింది. తార్చీజియోను తలుపు దగ్గర నిలబడమన్నాను.

కియోల్లినీ నన్నూ వేరు చేస్తూ బల్ల మీద ఆ దొంగ బొమ్మ.

"మీ అమ్మగారిది ఏ ఊరండీ?" అని అడిగాను.

కియోల్లి భుజానున్న సంచిని దగ్గరికి లాక్కున్నాడు.

"ఈ లోయేనని నా అనుమానం. పలక తీసుకున్నారు, మేకు ఖాళీగా వదలడానికి చేతులు రాలేదు. మేరీమాత సొత్తు తీసినచోట దీపం పెట్టాలని చిన్నప్పుడెవరో మీకు చెప్పారు. దీపం పెట్టేవాడు పలకని కాల్చడు, పారెయ్యడు. అది మీ సంచిలోనే ఉంది. ఉతికిన గుడ్డలో చుట్టి ఉంటుంది."

కియోల్లి సంచి తెరిచి, తెల్ల రుమాలు మూట తీసి, బొమ్మకు తగలకుండా పక్కన పెట్టాడు. విప్పితే బంగాళాదుంప ముఖాలు నలుగురివీ క్షేమంగా ఉన్నాయి.

"మా అమ్మది మొలీనెల్లా," అన్నాడు. ఇక్కడికి నాలుగు కిలోమీటర్లు. "అసలు బొమ్మ ఎక్కడుందో నాకు తెలీదు మారెషల్లో గారూ, నిజం. ఎగ్జిబిషన్ నుంచి తేవడానికి నాకు ఇంకో పెట్టె ఇచ్చారు, దాన్ని తెచ్చాను. ఇచ్చినవాళ్లు మంచివాళ్లు కాదు." సంచిలోంచి ఇంకో కాగితం తీశాడు. "బొమ్మ తిరిగి అప్పజెప్పినప్పటి రసీదు ఇది. ఇంకో ప్రతి లేదు. అసలు బొమ్మే వచ్చిందని చూసి ధ్రువీకరించినవాళ్లు ఇద్దరు. కింద సంతకాలు చూడండి."

మొదటిది ఆయనది. రెండోది నాది.

చూడగానే ఆ రోజు మొత్తం గుర్తొచ్చింది. వాన, బ్యాండు మేళం, ఊరంతా చర్చి మెట్ల మీదే. పెట్టె మూత తీయగానే ఆ ముఖం కనిపించింది. నాకు కళ్లు నిండాయి. జీపు మీద కాగితం పెట్టి సంతకం చేశాను. వెనక్కి తిప్పి చూడాలన్న ఆలోచనే రాలేదు. తల్లిని వెనక్కి తిప్పి ఎవరు చూస్తారు?

"తిలాపాపం తలా పిడికెడు," అన్నాడు కియోల్లి మెత్తగా. "ఈ కాగితంతో నేనొక్కణ్ణే మునగను. మీ ఉద్యోగం పోతుంది, దొంగతో కుమ్మక్కయ్యారంటారు. ఇది చింపేస్తే పెట్టె ఎవరు తెచ్చారో, ఎవరు చూశారో ఎవరికీ తెలీదు. ముసలావిడ ఎలాగూ బయటపడింది కదా, మీకు కావలసింది అదేగా? చింపమంటారా?"

కాగితం ఇంకా ఆయన వేళ్లలోనే ఉంది. అది లేకపోతే పెట్టె ఏ చేతుల మీదుగా వచ్చిందో తేలదు. అది తేలకపోతే అసలు బొమ్మ ఇక ఎప్పటికీ దొరకదు. చర్చిలో నజ్జరేనా అత్త గొంతు వినిపిస్తోంది. రాత్రికి ఏం తింటావని రెగులాను అడుగుతోంది. ఊరి కోసం అత్త తన పేరు వదులుకుంది. అత్త కోసం రెగులా తన నియమం వదులుకుంది. వరసలో మూడోదాన్ని నేనే.

కాగితం చేతికి తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాను. కియోల్లి ఆపలేదు. తార్చీజియోను లోపలికి పిలిచి ఆయన పక్కన నిలబడమని, జిల్లా మేజిస్ట్రేటుకు ఫోను చేశాను.

జరిగింది చెప్పాను. అసలు బొమ్మ కోసం ఈ రాత్రే రోడ్ల మీదా, రేవుల్లోనూ కబురు వెళ్లాలన్నాను. విచారించవలసిన ఇద్దరి పేర్లు రాసుకోమన్నాను.

"మొదటిది బ్రాందోని, ఎర్సీలియా."

అవతల పెన్ను ఆగింది. "బ్రాందోనీయా? మీకు ఏమవుతుంది ఆవిడ?"

"నేనేనండీ. రెండో పేరు కూడా రాసుకోండి."